సున్నుండకి పథ్యం

మా ఇంట్లో సున్నుండ అంటే తినేది కాదు, తినిపించుకునేది. తెల్లగా, గుండ్రంగా, ఆరు కిలోల బరువుతో, వసారాలో గుమ్మానికి అడ్డంగా పడుకుని ఉంటుంది. మా అమ్మాయి హైదరాబాదు హాస్టలుకి వెళ్ళబోయే ముందు తెచ్చి, "స్నోయీ" అని పేరు పెట్టి, మా మీద వదిలేసి వెళ్ళింది. మా అత్తయ్యకి ఆ పేరు నోరు తిరగలేదు. రెండు రోజులు "సునాయీ" అనీ, "సున్నోయీ" అనీ తంటాలు పడి, మూడో రోజుకి "సున్నుండ" దగ్గర స్థిరపడింది. కుక్క కూడా అభ్యంతరం చెప్పలేదు. ఆ పేరుతో పిలిచినప్పుడల్లా ఏదో ఒకటి నోట్లో పడుతూండేది మరి!

అది పమేరియన్ అని అమ్మినవాడు చెప్పాడు. మన వైపు పమేరియన్లుగా చలామణీ అయ్యే తెల్లకుక్కల్లో చాలా భాగం ఇండియన్ స్పిట్జ్ అనే జాతివిట. 1994లో వచ్చిన 'హమ్ ఆప్‌కే హై కౌన్' సినిమాలో క్రికెట్ అంపైరుగా నిలబడ్డ టఫీ కూడా ఆ బాపతే. అసలు పమేరియన్లు బాల్టిక్ సముద్రపు ఒడ్డున పొమరేనియా అనే ప్రాంతం పేరు పెట్టుకున్నాయనీ, 1888లో విక్టోరియా రాణి ఇటలీ నించి ఒకదాన్ని తెచ్చుకున్నాక వాటికి గిరాకీ వచ్చిందనీ మావారు ఎక్కడో చదివి చెప్పారు. అత్తయ్య అంతా విని, "రాణీగారింట్లో దానికేం పెట్టేవాళ్ళో గానీ, మనింట్లో మటుకు లోటు లేదు" అంది.

నిజమే. ఆ లోటు లేకపోవడమే కొంప ముంచింది.

వేటపాలెంలో కాపురం ఉంటూ జీడిపప్పుని దూరంగా పెట్టడం ఎవరి తరం చెప్పండి? గింజని కాల్చి, కొట్టి, పొట్టు తీసి, గుండ్లు వేరు, బద్దలు వేరు, ముక్కలు వేరు చెయ్యడం మా ఊళ్ళో ఎంతోమంది ఆడవాళ్ళకి జీవనాధారం. పైతొక్కులో ఉండే జీడి ఒంటిమీద పడితే బొబ్బలెక్కిస్తుంది. లోపలి పప్పేమో వెన్నముద్ద. నూటికి నలభై పాళ్ళకి పైనే కొవ్వు. మావయ్యగారు ఉన్న రోజుల్లో సాయంత్రం సారస్వత నికేతనానికి వెళ్ళి పేపర్లన్నీ తిరగేసి, వచ్చేటప్పుడు చిన్న పొట్లంలో బద్దలు తెచ్చేవారు. 1918లో పుట్టి, 1929లో గాంధీగారి చేత శంకుస్థాపన చేయించుకున్న గ్రంథాలయం అది. అక్కడి సంగతులు ఆయన చెబుతూంటే అత్తయ్య ఒక్కొక్క బద్దే ఆయన చేతిలో పెట్టేది. ఇద్దరికీ అదే ఫలహారం, అదే పురాణ కాలక్షేపం.

ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో మా ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కొక్క పథ్యం వచ్చి పడింది. మావారికి రక్తపోటు, ఉప్పూ ఊరగాయా బందు. నాకు మోకాళ్ళ నొప్పులు, నెయ్యీ వేపుళ్ళూ బందు. అత్తయ్యకి షుగరు, తీపి పేరెత్తకూడదు. ఒకప్పుడు పదిమందికి కొసరి కొసరి వడ్డించిన మనిషి. ఇప్పుడు "ఇంకొంచెం వెయ్యనా?" అని గరిట పట్టుకొస్తే, మావారూ నేనూ ఒక్కసారే కంచాలకి చేతులు అడ్డం పెట్టేవాళ్ళం. "ఇంకొంచెం" అన్న మాటకి తోకాడించే ప్రాణి ఇంట్లో ఇదొక్కటే మిగిలింది. ఆ సంగతి నాకు అప్పట్లో తట్టలేదు.

2023 శ్రావణమాసం. వరలక్ష్మీ వ్రతం రోజున పూర్ణం బూరెలూ, పులిహోరా, చక్కెర పొంగలీ చేశాం. సాయంత్రం పేరంటాళ్ళు వచ్చే వేళకి సున్నుండ పూజగది ముందుకొచ్చి, ముందుకాళ్ళు చాచి, ఛాతీ నేలకానించి, నడుము పైకెత్తి అలాగే ఉండిపోయింది.

"చూశావుటే అమ్మాయ్! నోరులేని జీవం, అమ్మవారికి ఎలా మొక్కుతోందో!" అంది అత్తయ్య చెంపలు వేసుకుంటూ.

పేరంటాళ్ళందరూ మురిసిపోయారు. ఒకావిడ దాని నుదుట కుంకుమ కూడా పెట్టింది. నేను ఊరుకున్నానా? ఫోటో తీసి ఫోనులో చుట్టాలందరికీ పంపించాను. అక్కడి నించి దణ్ణాల బొమ్మలు వచ్చి పడ్డాయి. అది లేచి నాలుగడుగులు వేసి మళ్ళీ మొక్కింది. కాసేపటికి మళ్ళీ మొక్కింది. "ఎంత భక్తో!" అనుకున్నాం.

దీపాలు పెట్టాక వాంతులు మొదలయ్యాయి. అత్తయ్య వాము నలిపి నీళ్ళల్లో కాచి పట్టబోయింది. అది మూతి తిప్పుకుంది. నేను నా మోకాళ్ళకి వేసుకునే నొప్పి మాత్రలో ముక్క విరిచి వేద్దామా అన్నాను. మావారు చెయ్యి పట్టుకుని ఆపారు. ఆయన ఆ పుణ్యం కట్టుకోకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. మనం అలవాటుగా మింగే పారాసెటమాలూ, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలూ కుక్కలకి విషంతో సమానమని నాకప్పుడు తెలియదు.

ఆ రాత్రి అది అయిదుసార్లు కక్కుకుంది. తెల్లవారుతూనే ఆటో మాట్లాడుకుని చీరాల తీసుకెళ్ళాం. అత్తయ్య కూడా బయల్దేరింది. దారి పొడుగునా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది గానీ ఒక్క మాటా మాట్లాడలేదు.

డాక్టరు గన్నవరం పశువైద్య కళాశాలలో చదువుకున్న కుర్రాడు. దాని మెడ మీది చర్మం పైకి లాగి వదిలాడు. మామూలుగా అయితే అది చటుక్కున సర్దుకోవాలిట. మెల్లిగా దిగితే ఒంట్లో నీరు తగ్గిపోయిందని లెక్క. చిగుళ్ళు తాకి చూశాడు. తడిగా, గులాబి రంగులో ఉండాల్సినవి జిగటగా ఉన్నాయన్నాడు. నేను గొప్పగా మొక్కుతున్న ఫోటో చూపించాను.

"ఇది మొక్కడం కాదమ్మా, కడుపునొప్పి. పొట్టలో పోటు భరించలేక ఇలా ముందు వంగి, వెనక ఎత్తి ఉంచుతాయి" అన్నాడు.

నా చేతిలో ఫోను బరువెక్కిపోయింది. అది బాధతో మెలితిరిగిపోతుంటే కుంకుమ పెట్టి ఫోటో తీశాను!

"నిన్నేం తిందమ్మా?" అన్నాడు.

"పెరుగన్నమే" అన్నాను నేను ఠక్కున.

ఆయన నా వంక చూడలేదు. "మామ్మగారూ, మీరు చెప్పండి" అన్నాడు. ఇలాంటి ఇళ్ళు ఎన్ని చూశాడో!

అత్తయ్య కొంగు వేలికి చుట్టుకుంటూ, "చక్కెర పొంగలి, నాయనా. రెండు ముద్దలు. మూడేమో. ఒక బూరె" అంది.

"పొంగల్లో కిస్‌మిస్ ఉందా?"

"ఉంది. కిస్‌మిస్ లేకుండా ప్రసాదం ఎలా చేస్తాం?"

ఆయన కలం కింద పెట్టేశాడు.

నెయ్యీ జీడిపప్పూ ఒక ఎత్తు. అంత కొవ్వు ఒక్కసారిగా లోపలికి పోతే క్లోమం వాచిపోయే ప్రమాదం ఉందిట. పైగా ఆరు కిలోల ప్రాణి. అరవై కిలోల మనిషితో పోలిస్తే పదో వంతు. దానికి ఒక్క బూరె పెడితే మనం పది బూరెలు తిన్నట్టు. ఎండుద్రాక్ష సంగతి వేరు. ద్రాక్ష పచ్చిదైనా ఎండుదైనా కొన్ని కుక్కల్లో మూత్రపిండాలు పని చెయ్యడం మానేస్తాయి. ఏ కుక్కకి ఎన్ని తింటే ప్రమాదమో ముందుగా చెప్పే లెక్క లేదు. టార్టారిక్ ఆమ్లం వల్లనని ఈమధ్య అనుమానిస్తున్నారు. 2022లో అచ్చయిన ఒక పరిశోధనలో చింతపండు తిన్న కుక్కల్లోనూ ఇదే అనర్థం కనిపించిందని రాశారు. చింతపండు! పులిహోరా, చారూ, పులుసూ లేని ఇల్లు మన దేశాన ఎక్కడుంది?

"తిన్న గంటా రెండు గంటల్లో తెచ్చి ఉంటే కక్కించేవాణ్ణి. ఇప్పుడు సెలైను ఎక్కించి, రక్తపరీక్షలు చేస్తూ మూడు రోజులు కనిపెట్టుకుని ఉండాలి. మూత్రం సరిగా పోస్తోందో లేదో చూస్తూండండి" అన్నాడు.

వాంతికి సూదిమందు ఇచ్చి, కాలికి సెలైను పెట్టాడు. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని, సాయంత్రం మళ్ళీ రమ్మంటే సరేనని ఇంటికి బయల్దేరాం. ఆటోలో నాకు దుఃఖమూ కోపమూ కలగలిసి వచ్చాయి. "ఇకమీదట మీ చేత్తో దానికి ఏమీ పెట్టకండి అత్తయ్యా" అనేశాను.

ఆవిడ మారు మాట్లాడలేదు. సున్నుండని తీసి నా ఒళ్ళో పెట్టింది.

ఆ రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. అత్తయ్య "ఆకలిగా లేదు" అని మజ్జిగ తాగి పడుకుంది. షుగరు మనిషి పస్తు పడుకోకూడదని తెలిసీ నేను గట్టిగా చెప్పలేకపోయాను. ఆవిడ మంచం పక్కన డబ్బాలో జీడిపప్పు బద్దలు కనిపించాయి. నెలలకొద్దీ ఆ డబ్బా చూస్తూనే ఉన్నాను, ఈవిడ దొంగతనంగా తింటోందేమోనని అనుమానపడుతూనే ఉన్నాను. ఇప్పుడు అర్థమైంది. ఆవిడ ఒక్క పలుకు ముట్టేది కాదు. తాను తినకూడనివన్నీ దానికి పెట్టి, అది నములుతుంటే చూస్తూ కూర్చునేది. సాయంత్రం సరిగ్గా ఆరింటికి, మావయ్యగారు గ్రంథాలయం నించి వచ్చే వేళకి.

రెండో రోజు మధ్యాహ్నం నేను వంటింట్లో ఉండగా పెరట్లోంచి కేక వినపడింది. "అమ్మాయ్! పోసింది! జామచెట్టు మొదట్లో బాగా పోసింది!" ఆవిడ పొద్దున్నించీ ముక్కాలిపీట వేసుకుని, ఎండలో, అది ఎక్కడికి పోతే అక్కడికి పీట జరుపుకుంటూ కాపలా కాస్తోందిట. ఆ వార్త విని నేను గరిట పట్టుకుని పరుగెత్తాను. లోకంలో ఇలాంటి విషయానికి ఇద్దరాడవాళ్ళు కౌగిలించుకోవడం అదే మొదటిసారేమో!

మూడో రోజు రక్తపరీక్షలో మూత్రపిండాలకి ఢోకా లేదని తేలింది. ఇక తిండి మొదలుపెట్టమన్నాడు డాక్టరు. మెత్తగా గుజ్జులా ఉడికించిన అన్నం రెండు పాళ్ళు, కొవ్వులేని మాంసకృత్తులు ఒక పాలు. ఉప్పూ, నూనే, పోపూ ఏమీ లేకుండా, మూడు గంటలకోసారి రెండేసి చెంచాలు మాత్రమే. తోలు తీసి ఉడకబెట్టిన కోడిమాంసం శ్రేష్ఠమన్నాడు. మా మొహాలు చూసి, "పోనీ, ఉడకబెట్టిన గుడ్డులో తెల్లసొన పెట్టండి. పచ్చసొన వద్దు, కొవ్వంతా అందులోనే ఉంటుంది" అన్నాడు.

"మరి పెరుగన్నం?" అన్నాను.

"కొన్నాళ్ళు ఆపండి. చాలా కుక్కలకి పెద్దయ్యాక పాలల్లోని చక్కెర సరిగా అరగదు. పెరుగులో అది కొంత తగ్గినా, మీది గేదెపాల మీగడ పెరుగు కదా" అని నవ్వాడు. అన్నం గురించి మటుకు దిగులు లేదన్నాడు. తోడేలు కన్నా కుక్కకి పిండిపదార్థం అరిగించుకునే శక్తి ఎక్కువని 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు జన్యువుల్లోనే చూపించారుట. వేల ఏళ్ళుగా మనిషి గుమ్మంలో పడి ఉన్నందుకు దక్కిన కడుపు అది.

మా అత్తయ్య పుట్టి బుద్ధెరిగి గుడ్డు ముట్టుకున్న మనిషి కాదు. కాబట్టి నేనే గుడ్లు తెచ్చి, పెరట్లో నీళ్ళ పొయ్యి మీద ఉడకబెట్టి, అన్నంలో కలిపి పెట్టాను. సున్నుండ వాసన చూసి తల తిప్పేసుకుంది. బుజ్జగించాను, బతిమాలాను, వేలితో నోట్లో పెట్టాను. బయటికి తోసేసింది. సాయంత్రం డాక్టరుకి ఫోను చేస్తే, "ఎవరి చేత్తో తినడం అలవాటో వాళ్ళ చేత పెట్టించండమ్మా. చిన్న ప్రాణి, ఎక్కువసేపు పస్తుంచకూడదు" అన్నాడు.

నేను వెళ్ళి అత్తయ్య మంచం దగ్గర నించున్నాను. ఏమని అడగను? ఆటోలో అన్న మాట ఇద్దరి మధ్యా గోడలా ఉంది. "అది నా చేత్తో తినడం లేదు అత్తయ్యా" అన్నాను. ఆ ఒక్క మాటకే నా గొంతు పట్టేసింది.

ఆవిడ లేచి, పెరట్లోకి నడిచి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, గిన్నెలోకి తొంగి చూసింది. "ఇదేమిటే, ముక్కలు ముక్కలుగా? కడుపు చెడినదానికి ఇలాగేనా కలపడం?" అంటూ రెండు వేళ్ళతో ఆ తెల్లసొనని మెత్తగా మెదిపింది. నేను నోరు వెళ్ళబెట్టి చూస్తున్నాను. "సున్నుండా, ఇంకొంచెం..." అంది, అసలు ఇంకా మొదలే పెట్టకుండా. అది తోక కొద్దిగా కదిపి, ఆవిడ చేతిలోది నాకింది.

తరవాత ఆవిడ తలంటి పోసుకుంది. మర్నాడు మళ్ళీ పెట్టింది, మళ్ళీ పోసుకుంది. మూడోనాటికి, "చేతులు కడుక్కుంటే చాల్లే. దేవుడికి తెలీదా?" అని తనే తీర్మానించింది.

ఇక చూడండి, ఆవిడ పథ్యం నడిపిన తీరు! డాక్టరు రెండు చెంచాలంటే, రెండో చెంచా మీద గోపురం ఉండకుండా వేలితో చదును చేసేది. నాలుగు రోజులకి మలం గట్టిపడింది. అప్పుడు కొద్దికొద్దిగా మామూలు తిండి కలపడం మొదలుపెట్టాం. మొదట ముప్పాతిక పథ్యమూ పాతిక మామూలు తిండీ, తరవాత సగం సగం. అలా వారం రోజులు పట్టింది. ఈ అన్నమూ తెల్లసొనా జబ్బు పడ్డప్పటికేగానీ కలకాలం సరిపోవు. వాటిల్లో సున్నమూ, మిగతా పోషకాలూ చాలవు. కుక్కల కోసం తయారు చేసిన తిండిగానీ, డాక్టరు లెక్క కట్టి ఇచ్చిన ఇంటి వంటగానీ పెట్టాల్సిందే. ఏది మార్చినా వారం పది రోజుల మీద మెల్లిగా మార్చాలి.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి బుజ్జిముండలు ఉంటాయి కనక చెబుతున్నాను. ఉల్లీ వెల్లుల్లీ కుక్కల రక్తకణాలని పాడు చేస్తాయి. చాక్‌లెట్టు గుండెని పరుగెత్తిస్తుంది. కొన్ని చూయింగ్ గమ్ముల్లో పంచదారకి బదులు వాడే జైలిటాల్ ఇంకా ప్రమాదం. మా వైపు కారం పట్టించి అమ్మే జీడిపప్పులో అటు కొవ్వూ, ఇటు కారమూ, పైన ఉప్పూ. ఒక పూట విరేచనమైతే తిండి తగ్గించి, నీళ్ళు కొద్దికొద్దిగా ఇస్తూ చూడచ్చు. కానీ రక్తం పడినా, మలం తారులా నల్లగా వచ్చినా, నీళ్ళు కూడా కక్కేస్తున్నా, పొట్ట ఉబ్బినా, పట్టుకుంటే అరిచినా ఆలస్యం చెయ్యకండి. అందులోనూ టీకాలు పూర్తికాని కూన అయితే గంటసేపు కూడా ఆగద్దు. పార్వో అనే మాయదారి జబ్బు ఇలాగే మొదలై రెండు మూడు రోజుల్లో పిల్లని మింగేస్తుంది. వాము నీళ్ళు మనకి మంచివే. దాని కడుపు మన కడుపు కాదు.

నేను నేర్చుకున్నది ఇంకొకటుంది. పెట్టొద్దని చెప్పడం తేలికే. పెట్టకపోతే ఆ చెయ్యి ఏం చెయ్యాలో కూడా మనమే ఆలోచించాలి. ఇప్పుడు సాయంత్రం ఆరింటికి అత్తయ్య డబ్బాలో జీడిపప్పు బద్దలకి బదులు ఉడికించిన గుమ్మడికాయ ముక్కలుంటాయి. ఉప్పు లేకుండా, గోరంతేసి. ఒక్కొక్కటే దాని నోట్లో పెడుతూ, ఊళ్ళో సంగతులన్నీ చెబుతుంది. మావారు సారస్వత నికేతనంలో చదివొచ్చిన పేపరు కబుర్లు ఆవిడకి చెబుతున్నారు. వాళ్ళమ్మతో ఆయన అంతసేపు కూర్చోవడం నేను చూసి చాలా కాలమైంది.

2024లో మళ్ళీ వరలక్ష్మీ వ్రతం వచ్చింది. ఈసారి పొంగల్లో కిస్‌మిస్ వెయ్యలేదు. "అమ్మవారికి కోపం రాదూ?" అంటే, "ఆవిడా బిడ్డల తల్లే" అంది అత్తయ్య. హారతి ఇస్తుండగా సున్నుండ పూజగది ముందుకొచ్చి, ముందుకాళ్ళు చాచి, నడుము ఎత్తింది. గంట వాయిస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. అత్తయ్య హారతి పళ్ళెం కింద పెట్టి గబగబా వచ్చి దాని పొట్ట కింద చెయ్యి వేసి నొక్కి చూసింది. అది చెంగున లేచి, తోక ఊపుతూ, ఆవిడ చుట్టూ గెంతి, మళ్ళీ వంగింది. ఆటకి రమ్మంటోంది! నొప్పితో వంగినది అలాగే బిగుసుకుని ఉంటుంది. ఆటకి వంగినది క్షణం నిలవదు. ఆ తేడా ఇప్పుడు మా ఇంటిల్లిపాదికీ తెలుసు.

"పాడు ముండ, హడలగొట్టింది" అంది అత్తయ్య, కళ్ళు తుడుచుకుంటూ.

పేరంటాళ్ళు వెళ్ళిపోయాక నేనొక బూరె తెచ్చి, సగం విరిచి ఆవిడ చేతిలో పెట్టాను. "నాకు వద్దన్నారు కదే" అంది. "సగమే. రాత్రికి అన్నం తగ్గించండి" అన్నాను. ఆవిడ ఆ సగంలో మళ్ళీ సగం తుంచి నా నోట్లో పెట్టింది. గుమ్మంలోంచి సున్నుండ మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది.

"నీకు కాదు" అన్నాం ఇద్దరం ఒక్కసారే.